ఒక్క ఈగ కుడితేనే తమ్ముడు పడిపోయాడు, మళ్లీ కుడితే ఏం చేయాలి?

ప్రశ్న: నమస్కారం డాక్టరు గారూ. మాది గుణుపురం దగ్గర పల్లె. మా తమ్ముడికి 34 ఏళ్లు. ఏప్రిల్‌లో జీడిపిక్కలు ఏరడానికి తోటలోకి వెళ్తే మెడ మీద ఏదో ఒక్కటే ఒక్కటి కుట్టింది. పది నిమిషాలు కాకుండానే అరచేతులు దురద, ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి, వాంతి అయింది, "అక్కా, కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి" అంటూ పడిపోయాడు. ఊళ్లో వైద్యం చేసే ఆయన ఎవిల్, డెకడ్రాన్ సూదులు వేశాడు. ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్తుంటే దారిలో ఇంకా ఎక్కువైంది. ఆసుపత్రిలో తొడకి ఒక ఇంజక్షన్ వేసి సెలైన్ ఎక్కించాక గానీ తేరుకోలేదు. రెండేళ్ల కిందట కూడా ఒకసారి కుడితే చెయ్యి మోచేతి దాకా వాచింది, అప్పుడు పట్టించుకోలేదు. మొన్న వారం తిరక్కుండానే ఒక ల్యాబ్‌లో ఆరు వేలు కట్టి ఎలర్జీ టెస్టు చేయించాం. వంకాయ, రొయ్య, దుమ్ము పాజిటివ్ అని, తేనెటీగ నెగటివ్ అని వచ్చింది. అంటే ఈగ ఎలర్జీ లేనట్టేనా? వంకాయ మానేయాలా? మా మావయ్య ఏమో నెలకోసారి చిన్న తేనెటీగతో కుట్టించుకుంటే ఒళ్లు అలవాటు పడిపోతుంది అంటున్నాడు. నిజమేనా? దీనికి శాశ్వతంగా వైద్యం ఉందా? — ఒక అక్క, రాయగడ జిల్లా

జవాబు:

అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు మీ మావయ్యగారు చెప్పిన పని మాత్రం చేయకండి. చిన్న ఈగైనా, పెద్ద ఈగైనా, పక్కన ఎవరున్నా సరే, తమ్ముడికి కావాలని కుట్టించడం అంటే మొన్న జరిగిందాన్ని మళ్లీ పిలిచి ఇంటికి తెచ్చుకోవడమే. ఆయన చెడు కోరి అన్న మాట కాదని నాకు తెలుసు. ఆ మాటలో ఒక పిసరు నిజం కూడా ఉంది, అదేంటో కింద చెప్తాను, కానీ అది మీ తమ్ముడికి పనికొచ్చే నిజం కాదు.

మీరు రాసిన వరస చూడండి. ఒక్క ఈగ, పది నిమిషాలు, అరచేతుల్లో దురద, దద్దుర్లు, పెదాల వాపు, వాంతి, కళ్లు తిరిగి పడిపోవడం. దీన్ని ఎనఫిలాక్సిస్ అంటారు. విషం ఎక్కువై జరిగింది కాదిది, ఒక్క ఈగలో ఉండే విషం మనిషిని పడేసేంత ఉండదు. ఆ విషాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకున్న ఒళ్లు తన మందుగుండు అంతా ఒకేసారి పేల్చేసుకోవడం వల్ల జరిగింది. రక్తనాళాలు ఒక్కసారిగా వదులైపోతాయి, వాటిలోంచి నీరు బయటికి ఊరిపోతుంది, బీపీ పడిపోతుంది, గొంతు వాస్తుంది. ఈ పేరు పెట్టింది ఫ్రాన్స్‌కి చెందిన పోర్టియే, రిషే అనే ఇద్దరు, 1902లో. సముద్రపు జీవుల విషం మీద పని చేస్తూ, మొదటిసారి కొద్దిగా ఎక్కిస్తే తట్టుకున్న కుక్కలు కొన్ని వారాల తర్వాత అంతకంటే తక్కువ ఎక్కించినా నిమిషాల్లో చనిపోవడం చూశారు. అలవాటు పడతాయనుకున్నారు, తీరా చూస్తే సరిగ్గా ఎదురైంది. రిషేకి దీని మీదే 1913లో నోబెల్ ఇచ్చారు. మీ మావయ్యగారికి ఈ ఒక్క సంగతి చెప్పండి, ఆయన ఊహించినదాన్నే వందేళ్ల కిందట వాళ్లూ ఊహించారు.

ఇప్పుడు తొడకి వేసిన ఇంజక్షన్ గురించి. అది అడ్రినలిన్. మీ తమ్ముణ్ని నిలబెట్టింది అదే. ఎవిల్ దురదని తగ్గిస్తుంది, డెకడ్రాన్ పనిచేయడానికి గంటలు పడుతుంది, ఈ రెండూ పడిపోతున్న బీపీని లేపలేవు, మూసుకుపోతున్న గొంతుని తెరవలేవు. మన వైపు ఊళ్లలో ఏది కుట్టినా ముందు ఈ రెండు సూదులే పడతాయి. వేసిన మనిషి తనకి తెలిసింది చేశాడు, ఆయన మీద కోపం పెట్టుకోకండి, కానీ వెళ్లి ఈ మాట చెప్పండి: అడ్రినలిన్ ముందు, మిగతావి తర్వాత. ఖరీదైన మందు అనుకుంటున్నారేమో, ఒక చిన్న గాజు ఆంప్యూల్, పెద్ద ఖర్చే కాదు.

ఇది నేను ఊరికే పుస్తకం చూసి చెప్తున్నది కాదు. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక రాత్రి డ్యూటీలో, తాటిచెట్టు దగ్గర కందిరీగ కుట్టిన ఒక ముసలాయన్ని తీసుకొచ్చారు. చెమటలు, దద్దుర్లు, నాడి సన్నగా దారంలా తగులుతోంది. నేను ఎవిల్ వేశాను, హైడ్రోకార్టిసోన్ వేశాను, సెలైన్ పెట్టాను, పెట్టి బీపీ చూసుకుంటూ కూర్చున్నాను. అడ్రినలిన్ గుర్తు రాక కాదు, అంత వయసు మనిషికి వేస్తే గుండె తట్టుకుంటుందో లేదో అని భయపడ్డాను. పెద్ద సిస్టర్ వచ్చి "అడ్రినలిన్ వేయలేదేంటి డాక్టర్?" అని అడిగే సరికి పావుగంట పైనే పోయింది. ఆవిడ అడగకపోతే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. ఆయన బతికాడు. ఆ పావుగంట మాత్రం నాతోనే ఉండిపోయింది. ఇంగ్లండ్‌లో పంఫ్రీ అనే వైద్యుడు ఎనఫిలాక్సిస్‌తో పోయినవాళ్ల వివరాలన్నీ ఏళ్ల తరబడి సేకరించి 2000లో ప్రచురించాడు, అందులో ఈగ కుట్టిన వాళ్లలో కుట్టిన దగ్గర్నుంచి గుండె ఆగే దాకా నడిమధ్య లెక్క 15 నిమిషాలు. అంటే మీ ఊరి నుంచి ఆసుపత్రికి ఆటో పోయే టైం కంటే తక్కువ.

అదే పంఫ్రీ ఇంకో సంగతి కూడా చూశాడు, ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పోయినవాళ్లలో కొందరు పడుకుని ఉన్నంతసేపు బాగానే ఉన్నారు, ఎవరో లేపి కూర్చోబెట్టగానే, నిలబెట్టగానే పోయారు. రక్తమంతా కాళ్లలోకి దిగిపోయి గుండెకి తిరిగి వచ్చేది ఖాళీ అయిపోతుంది. మీరు ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్తుంటే దారిలో ఎక్కువైంది అన్నారు చూశారా, బహుశా అందుకే. ఇందులో మీ తప్పేం లేదు, ఎవరమైనా అలాగే చేస్తాం, కూర్చోబెట్టి నీళ్లు తాగించి గాలి విసురుతాం. ఇకమీదట పడుకోబెట్టండి, కాళ్ల కింద ఏదైనా పెట్టి ఎత్తుగా ఉంచండి, ఊపిరి ఆడక పడుకోలేకపోతుంటే మాత్రం కాళ్లు చాపి వెనక్కి ఆనుకుని కూర్చోనివ్వండి, వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి. ఆటో కోసం పరిగెత్తేకంటే 108కి ఫోన్ చేయడం మంచిది, రావడం ఆలస్యం అవుతుందంటే జీపులోనో ట్రాలీ ఆటోలోనో వెనకాల పడుకోబెట్టి తీసుకెళ్లండి. తేరుకున్నాడని వెంటనే ఇంటికి తెచ్చేయకండి. కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది, కనీసం ఆరేడు గంటలైనా ఆసుపత్రిలోనే ఉంచమని అడగండి.

సూది ఎక్కడ వెయ్యాలి అన్నది కూడా పరీక్షించి తేల్చినదే. కెనడాలో ఎస్టెల్ సైమన్స్ అనే డాక్టరమ్మ ఎలర్జీ ఉన్న పిల్లలకి అడ్రినలిన్ రెండు రకాలుగా ఇచ్చి రక్తంలో ఎంత త్వరగా చేరుతుందో కొలిచింది. తొడ కండలోకి వేస్తే ఎనిమిది నిమిషాల్లో గరిష్ఠానికి చేరింది, చర్మం కింద వేస్తే ముప్ఫై నాలుగు నిమిషాలు పట్టింది. ఆ ఇరవయ్యారు నిమిషాల తేడాలో ఒక ప్రాణం ఉంది. అందుకే తొడకి బయటివైపు, మధ్యలో, లుంగీ మీంచైనా ప్యాంటు మీంచైనా సరే, కండలోకి. పెద్దవాళ్లకి అర మిల్లీగ్రాము, అంటే మామూలుగా దొరికే ఒక మిల్లీలీటరు ఆంప్యూల్‌లో సగం. పిల్లలకైతే బరువుని బట్టి, కిలోకి 0.01 మిల్లీగ్రాము. ఐదు నిమిషాలైనా మెరుగు కనిపించకపోతే రెండోది.

విదేశాల్లో పెన్నులా నొక్కితే చాలు అనే అడ్రినలిన్ ఇంజక్టర్లు ఉంటాయి. మన గుణుపురం, పర్లాకిమిడి మందుల షాపుల్లో అవి దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. కాబట్టి మీ డాక్టరుతో మాట్లాడి ఒక చిన్న డబ్బాలో రెండు ఆంప్యూళ్లు, రెండు ఒక మిల్లీలీటరు సిరంజిలు, కండలోకి దిగే సూదులు రాయించుకోండి. ఆసుపత్రిలో నర్సమ్మ దగ్గర కూర్చుని నేర్చుకోండి, మీరూ, మీ మరదలూ, తోటలో తమ్ముడితో పనిచేసే ఒక మనిషీ. ఎందుకింత చెప్తున్నానంటే, ఇదే సైమన్స్ బృందం తల్లిదండ్రుల చేతికి ఆంప్యూల్, సిరంజి ఇచ్చి చంటిబిడ్డ మోతాదు లాగమంటే వాళ్లకి సగటున రెండు నిమిషాలకి పైగా పట్టింది, లాగిన మోతాదులు కూడా ఒకరికీ ఇంకొకరికీ పొంతనే లేదు. టెన్షన్‌లో చేతులు వణుకుతాయి. ఆంప్యూల్ మెడ విరిచేటప్పుడు గుడ్డ ముక్క పెట్టుకోండి, నెలకోసారి నీళ్లతో సాధన చేయండి, సిరంజి మీద సగం గీత దగ్గర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టుకోండి. డబ్బాని ఎండ తగిలే చోట, బండి డిక్కీలో పెట్టకండి. మందు రంగు మారి గోధుమ రంగులోకి తిరిగితే పారేసి కొత్తది కొనండి.

ఇక టెస్టు సంగతి, దీని మీద నాకు నిజంగా బాధగా ఉంది, ఆరు వేలంటే ఎన్ని రోజుల కూలి.

ముందుగా వంకాయ. మీ తమ్ముడు ఇన్నేళ్లుగా వంకాయ తింటున్నాడు, ఏమీ కాలేదు. మరి ఆ పాజిటివ్ ఏమిటి? రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీ ఉంటుంది, 1960ల చివర్లో దాన్ని కనిపెట్టారు, ఎలర్జీకి మూలం అదే. కానీ ఐజీఈ ఉన్నంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు. ఇంట్లో కత్తి ఉన్నవాడల్లా పొడుస్తాడా? తేనెటీగల విషానికే చూడండి, ఎప్పుడూ ఏ ఇబ్బందీ పడని పెద్దవాళ్లలో కూడా దాదాపు ఐదుగురిలో ఒకరికి, కొన్నిచోట్ల నలుగురిలో ఒకరికి పరీక్ష పాజిటివ్ వస్తుంది. అందుకే ఏమీ జరగని మనిషికి ఊరికే ఎలర్జీ ప్యానెల్ చేయించకూడదని ఎలర్జీ వైద్యులందరూ చెప్తారు. తిని ఏమీ కానప్పుడు వంకాయా మానక్కర్లేదు, రొయ్యలూ మానక్కర్లేదు.

ఇక తేనెటీగ "నెగటివ్". దీన్నే మీరు ఎక్కువ అనుమానించాలి. అంత పెద్ద రియాక్షన్ జరిగిన వెంటనే ఒంట్లో ఆ ఐజీఈ సరుకంతా ఖర్చయిపోయి ఉండొచ్చు, నాలుగు నుంచి ఆరు వారాల దాకా పరీక్షలు తప్పుగా నెగటివ్ చూపించొచ్చు. మీరు చేయించింది వారం లోపు. కాబట్టి ఆ కాగితాన్ని నమ్మి తోటలోకి పంపకండి. ఇంకో కారణం కూడా ఉండొచ్చు, అసలు కుట్టింది తేనెటీగే కాకపోవచ్చు.

ఏది కుట్టిందో గుర్తు తెచ్చుకోమనండి, ఎందుకంటే సగం రోగనిర్ధారణ అక్కడే ఉంది. మెడ మీద ముల్లు, దానికి అంటుకుని చిన్న తిత్తి మిగిలి ఉంటే అది తేనెటీగ, దాని ముల్లుకి రంపంలాంటి పళ్లుంటాయి, అందుకే ముల్లు మన ఒంట్లో ఇరుక్కుని ఈగ చనిపోతుంది. ముల్లు లేకపోతే బహుశా కందిరీగ. మన వైపు చూరు కింద, జీడిచెట్ల కొమ్మలకి కాగితంలాంటి చిన్న గూళ్లు కట్టే సన్నటి ఎర్ర కందిరీగలు ఒక రకం. రోపలీడియా అంటారు వాటిని. బెంగళూరు ఐఐఎస్‌సీలో రాఘవేంద్ర గదగ్కర్ గారు దశాబ్దాలు వీటి సంసారం మీదే పరిశోధించారు, అవి మన చూరు కింద ఎంత క్రమంగా బతుకుతాయో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఇంకో రకం పెద్ద నల్ల కందిరీగలు, నడుము దగ్గర పసుపు పట్టీ ఉంటుంది, చెట్ల మీద మట్టి రంగు బుడగలా పెద్ద గూడు కడతాయి. ల్యాబుల్లో వాడే కందిరీగ మందు ఎక్కువగా చలిదేశాల జాతుల నుంచి తీసింది. మన రకాలకీ వాటికీ కొంత పోలిక ఉన్నా కొన్నిసార్లు పరీక్షకి దొరక్కుండా పోతుంది. తేనెటీగ విషయంలో మనం కొంచెం నయం, పరీక్షకి వాడేది యూరప్ తేనెటీగే అయినా మన తొర్రతేనె ఈగ, కొండతేనె పెద్ద ఈగ దాని దాయాదులే కాబట్టి చాలావరకు పట్టుకుంటుంది.

ఆసుపత్రిలో ఒడియాలో అడుగుతారు కదా, ఈ రెంటికీ వాళ్ల మాటలు వేరువేరు, తేనెటీగ అయితే మహుమాఛి, కందిరీగ అయితే బిరుడి. ఏదో ఈగ కుట్టింది అని చెప్పి ఊరుకోకండి, కేస్ షీటులో సరిగ్గా రాయించండి.

మరి సరైన పరీక్ష ఎలా ఉంటుంది? అన్నిటికంటే ముందు ఆ రోజు ఏం జరిగిందో నిమిషాల వరసతో సహా వింటారు, పెద్ద పరీక్ష అదే, దానికి ఖర్చు కూడా లేదు. ఆరు వారాలు దాటాక చర్మ పరీక్ష చేస్తారు, విషాన్ని బాగా పలుచగా చేసి గుచ్చి, తర్వాత చర్మం లోపలికి కొద్ది కొద్దిగా, మిల్లీలీటరుకి ఒక మైక్రోగ్రాము దాకా పెంచుతూ వెళ్తారు. రక్తంలో ఆ ఈగకి సంబంధించిన ఐజీఈ మాత్రమే చూస్తారు. తేనెటీగ, కందిరీగ రెండూ పాజిటివ్ వస్తే, ఇది తరచూ జరిగేదే, రెండు విషాల్లోనూ ఉండే చక్కెర గొలుసుల వల్ల అలా గందరగోళం అవుతుంది, అప్పుడు విషంలో విడివిడి ప్రొటీన్లకి పరీక్షలున్నాయి. తేనెటీగకి ఏపీఐ ఎమ్ 1, కందిరీగకి వీఈఎస్ వీ 5, ఇలాంటి పేర్లుంటాయి, మీకు గుర్తుండక్కర్లేదు, చీటీలో కనిపిస్తే భయపడకుండా ఉండటానికి చెప్తున్నాను.

ఒక్క రక్తపరీక్ష మాత్రం మీరు నోరు తెరిచి అడగండి. ట్రిప్టేజ్. ఒంట్లో ఎలర్జీ మందుగుండుని దాచుకునే కణాలు మాస్ట్ కణాలు, అవి ఎన్ని ఉన్నాయో ఇది చెప్తుంది. కొందరికి పుట్టుకతోనో, మాస్టోసైటోసిస్ అనే జబ్బు వల్లో ఇది ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది. మిల్లీలీటరుకి 11.4 నానోగ్రాముల కంటే పైన ఉంటే జాగ్రత్త పెంచాలి, అలాంటివాళ్లకి ఈగ కుడితే రియాక్షన్ మరీ తీవ్రంగా ఉంటుంది. ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేకుండా నేరుగా స్పృహ తప్పిపోయేవాళ్లలో దీన్ని ముఖ్యంగా అనుమానించాలి. మీ తమ్ముడికి దద్దుర్లు వచ్చాయి కాబట్టి ఆ అనుమానం తక్కువే, అయినా పడిపోయాడు కదా, ఒకసారి చూడటం మంచిది.

రెండేళ్ల కిందట చెయ్యి వాచింది, అప్పుడు పట్టించుకోలేదు అని మీరు నొచ్చుకుంటూ రాశారు. ఆ బరువు దించేసుకోండి. కుట్టిన చోట పెద్దగా వాచేవాళ్లు బోలెడుమంది, వాళ్లలో తర్వాత ఎప్పుడైనా ఒళ్లంతా రియాక్షన్ వచ్చేది నూటికి ఐదు నుంచి పది మందికే. అప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మంచు పెట్టి మాత్ర ఇచ్చి పంపేవాడే.

శాశ్వత వైద్యం ఉందా అని అడిగారు. ఉంది. గట్టి రుజువున్న వైద్యం, ఎలర్జీ వైద్యం మొత్తంలో ఇంత బాగా పనిచేసేవి చాలా కొద్ది. ఇక్కడే మీ మావయ్యగారి మాటకి వస్తాను.

ఫ్రాన్స్‌లో 1980లలో తేనెటీగల పెంపకందారుల్ని లెక్క చూస్తే, ఏడాదికి 200 సార్లకి పైగా కుట్టించుకునేవాళ్లలో ఎవరికీ ఇలాంటి రియాక్షన్లు లేవు. అదే 25 సార్ల కంటే తక్కువ కుట్టించుకునేవాళ్లలో దాదాపు సగం మందికి ఉన్నాయి. మావయ్యగారి మాటలో పిసరు నిజం ఇదే, మరీ ఎక్కువసార్లు కుడితే ఒళ్లు తట్టుకోవడం నేర్చుకుంటుంది. కానీ నెలకోసారి అంటే ఏడాదికి పన్నెండు, సగం మందికి రియాక్షన్లు ఉన్న ఆ రెండో గుంపులోకే వస్తుంది. పైగా ఆ మొదటి గుంపువాళ్లు తట్టుకుంటున్నవాళ్లు, మీ తమ్ముడు ఇప్పటికే ఒకసారి పడిపోయినవాడు.

ఆ తట్టుకోవడాన్నే డాక్టర్ల సమక్షంలో, కొలిచిన మోతాదుల్లో నేర్పించే దారి వెతకడానికి చాలా ఏళ్లు పట్టింది, దారిలో పెద్ద పొరపాటే జరిగింది. 1930ల నుంచి అమెరికాలో తేనెటీగల్ని, కందిరీగల్ని మొత్తంగా నూరి, ఆ రసాన్ని ఇంజక్షన్లుగా ఇచ్చేవాళ్లు. దాదాపు యాభై ఏళ్లు ఇచ్చారు. పనిచేస్తోందని అందరూ నమ్మారు, ఎందుకంటే ఇప్పించుకున్నవాళ్లలో చాలామందికి మళ్లీ కుట్టినప్పుడు ఏమీ కాలేదు. న్యూయార్క్‌లో మేరీ లవ్‌లెస్ అనే డాక్టరమ్మ మాత్రం 1950ల నుంచీ ఒకటే మాట, ఎలర్జీ విషానికి గానీ ఈగ ఒంటికి కాదు, విషమే ఇవ్వాలి అని. తనే కందిరీగల్ని పట్టి, విషపు తిత్తులు తీసి ఆ విషాన్ని వాడేది. ఎక్కువమంది వినలేదు. చివరికి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో లిచ్టెన్‌స్టీన్ బృందం, హంట్ అనే ఆయన ముందుండి, ఒళ్లంతా రియాక్షన్ వచ్చినవాళ్లని మూడు గుంపులు చేసి, ఒకరికి అసలు విషం, ఒకరికి నూరిన రసం, ఒకరికి ఉత్తుత్తి మందు ఇచ్చి, తర్వాత ఆసుపత్రిలోనే, అన్నీ సిద్ధంగా పెట్టుకుని, నిజంగా ఈగతో కుట్టించి చూశారు. ఉత్తుత్తి మందు తీసుకున్న 12 మందిలో ఏడుగురికి రియాక్షన్ వచ్చింది. నూరిన రసం తీసుకున్న 11 మందిలోనూ ఏడుగురికే వచ్చింది. విషం తీసుకున్న 18 మందిలో ఒక్కరికి. 1978లో ఈ ఫలితం అచ్చయింది, మరుసటి ఏడే అమెరికా ప్రభుత్వం విషపు మందుకి అనుమతి ఇచ్చింది.

ఆ ఉత్తుత్తి మందు గుంపు లెక్క మళ్లీ చూడండి. 12లో ఏడు. అంటే ఏ వైద్యం లేకపోయినా ఐదుగురికి ఆ కుట్టుకి ఏమీ కాలేదు. యాభై ఏళ్లు అందరూ మోసపోయింది ఇక్కడే. రేపు ఊళ్లో ఎవరో "మా అన్నకి ఫలానా ఆకు పసరు ఇచ్చాం, మళ్లీ కుట్టినా ఏమీ కాలేదు" అంటారు, నిజమే అయి ఉంటుంది, ఆకు వల్ల అని మాత్రం చెప్పలేం. మీ తమ్ముడికి మళ్లీ కుడితే మళ్లీ పడిపోయే అవకాశం సగం అటూ ఇటూగా ఉంది. సున్నం పెట్టినా, ఇనుము రుద్దినా, ఉల్లిపాయ రాసినా ఆ సగం మారదు. మామూలు కుట్టుకి సున్నం పెట్టుకుంటే పెట్టుకోండి, నేనేం అనను, మీ తమ్ముడికి మాత్రం ఆ రెండు నిమిషాలు కూడా లేవు.

ఈ వైద్యాన్ని వినమ్ ఇమ్యునోథెరపీ అంటారు. మైక్రోగ్రాములో పదో వంతు, కొన్నిచోట్ల అంతకంటే తక్కువతో మొదలుపెట్టి, కొన్ని వారాల్లో 100 మైక్రోగ్రాముల దాకా పెంచుతారు, ఇంచుమించు ఒక తేనెటీగ కుట్టినప్పుడు లోపలికి పోయేంత విషం అది. ఆ తర్వాత నెలకోసారి, మెల్లగా ఆరు వారాలకి, ఎనిమిది వారాలకి. మూడు నుంచి ఐదేళ్లు. కందిరీగ అయితే నూటికి తొంభై మందికి పైగా కాపాడుతుంది, తేనెటీగ అయితే కొంచెం తక్కువ, ఎనభై దాకా. ప్రతి ఇంజక్షన్ తర్వాత కనీసం అరగంట ఆసుపత్రిలో ఉండాలి, ఆ ఇంజక్షన్‌కే రియాక్షన్ రావచ్చు కాబట్టి.

కష్టం ఎక్కడంటే, ఇది గుణుపురంలో జరిగే పని కాదు. ఎలర్జీ విభాగం, అత్యవసర వైద్యం రెండూ ఉన్న పెద్ద ఆసుపత్రి కావాలి, విషపు మందు దిగుమతి చేసుకోవాల్సి రావచ్చు, కందిరీగకైతే మన జాతికి సరిపోయే మందు దొరకడం ఇంకా కష్టం. బరంపురమో, విశాఖో, భువనేశ్వరో, వెళ్లే ముందు ఫోన్ చేసి "ఈగల విషానికి చర్మ పరీక్ష, ఇమ్యునోథెరపీ రెండూ చేస్తారా?" అని ఇదే మాటల్లో అడగండి. పరీక్ష మాత్రమే చేసేచోటికి వెళ్లి డబ్బు పెట్టకండి. మందు దొరకడానికి నెలలు పట్టినా, అసలు దొరక్కపోయినా, ఆ అడ్రినలిన్ డబ్బా మీ దగ్గరుంటే తమ్ముడు నిరాయుధుడు కాదు.

తోట మానేయమని నేను చెప్పను, జీడితోట మీద బతికే ఇంటికి ఆ మాట చెప్పడం తేలిక, చేయడం కష్టం. ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. చెట్టు ఎక్కే ముందు కొమ్మల్లో గూళ్లున్నాయేమో చూసుకోవాలి, లేత రంగు పొడుగు చేతుల చొక్కా, బూట్లు, వాసన నూనెలు వద్దు. కొండతేనె పట్టున్న చెట్టు దగ్గర పొగ పెట్టే వైపు అస్సలు పోకూడదు, అక్కడ సమస్య ఎలర్జీ ఒక్కటే కాదు, వందల ఈగలు ఒకేసారి కుడితే ఎలర్జీ లేనివాళ్లకి కూడా కండలు కరిగి కిడ్నీలు దెబ్బతింటాయి, పైకి బాగానే ఉన్నా అలాంటివాళ్లని ఆసుపత్రిలో చేర్చి మూత్రం రంగు చూస్తూ ఉండాలి. తేనెటీగ ముల్లు గుచ్చుకుంటే గోరుతో గీకాలా, పట్టుకుని లాగాలా అని ఆలోచించొద్దు, ఎలాగైనా సరే వెంటనే తీసేయాలి. 1996లో దీన్నీ పరీక్షించి చూశారు, తీసే పద్ధతి కాదు, ఎంత త్వరగా తీశారన్నదే లెక్క, విషంలో ఎక్కువ భాగం ఇరవై సెకన్లలోనే లోపలికి పోతుంది.

ఒక అట్టముక్క మీద తమ్ముడి పేరు, మీ ఫోన్ నంబరు, "ఈగ కుడితే ఎనఫిలాక్సిస్ వస్తుంది, తొడకి అడ్రినలిన్ వేయండి, పడుకోబెట్టండి" అని తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాయించి ప్లాస్టిక్ వేయించి జేబులో పెట్టించండి. పడిపోయిన మనిషి చెప్పలేడు, పక్కనున్నది సవరపల్లె మనిషో, ఒడియా డ్రైవరో, ఎవరైనా కావచ్చు.

ఇంకొకటి, మీరు రాయలేదు, నేను అడగాలి. తమ్ముడు తలనొప్పికో, గుండెదడకో, బీపీకో రోజూ ఏదైనా మాత్ర వేసుకుంటాడా? ప్రొప్రనొలాల్, ఎటెనొలాల్ లాంటివి వాడుతుంటే అడ్రినలిన్ సరిగ్గా పట్టకపోవచ్చు. అంతమాత్రాన మీ అంతట మీరు ఆపేయకండి, ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపడం ఇంకో ప్రమాదం, రాసిన డాక్టరుకి ఈ కథంతా చెప్పి మార్చొచ్చేమో అడగండి. మాత్ర పేరు, ట్రిప్టేజ్ చేయిస్తే ఆ అంకె, ముల్లు కనిపించిందో లేదో తమ్ముణ్ని అడిగి, ఈ మూడూ నాకు రాసి పంపండి. ఏప్రిల్‌లో కుట్టింది కాబట్టి ఆరు వారాలు ఎప్పటికి నిండుతాయో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి, అప్పటిదాకా ఇంకే ల్యాబ్‌కీ డబ్బు కట్టకండి. వంకాయ కూర మాత్రం ఈ పూటే వండి పెట్టండి.